తువ్వాలు తీసిన బేరం

మా నానమ్మ సుబ్బాయమ్మకి నూజివీడు మొత్తంమీద తగువు లేని మనిషి ఒక్కడే. ఆయన మా తాతయ్య నారాయణరావు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి తగువు లేదు. ఉండి ఉంటే ఆయనతోనూ ఉండేదే.

నానమ్మది మామిడికాయల వ్యాపారం. విస్సన్నపేట వెళ్ళే రోడ్డు మీద మాకో రేకుల షెడ్డుంది. వేసవి వచ్చిందంటే ఆ షెడ్డులో రసాలు, బంగినపల్లి కుప్పలు పోసి ఉంటాయి. వాటి మధ్య నానమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటుంది. మనిషి నా భుజం దాకా కూడా రాదు. గొంతు మాత్రం రోడ్డు దాటి అవతలి పెట్రోలు బంకు దాకా వెళ్తుంది. బంకులో పనిచేసేవాళ్ళు నన్ను చూసినప్పుడల్లా, "ఇవాళ మీ నానమ్మ ఎవర్ని తిట్టిందో మాకు తెలుసులే" అంటారు.

ఆమె భుజం మీద ఎప్పుడూ ఒక ఎర్రంచు తువ్వాలు ఉంటుంది. అది తాతయ్యది. ఉతికి ఉతికి జల్లెడలా అయింది. అయినా అది లేకుండా నానమ్మ గడప దాటదు. ఎందుకో తెలియాలంటే మా మామిడి యార్డు సంగతి తెలియాలి. అక్కడ పాతకాలపు వ్యాపారులు బేరం నోటితో ఆడరు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఎదురెదురుగా నిలబడి, మధ్యలో తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు నొక్కితే అంత అని లెక్క. చుట్టూ తిరునాళ్ళంత జనం ఉన్నా, కుదిరింది ఎంతో ఆ రెండు చేతులకే తెలుస్తుంది. సాక్ష్యం ఉండదు. అందుకే తువ్వాలు తీశాక మాట మార్చడమంత పెద్ద తప్పు యార్డులో ఇంకొకటి లేదు.

తాతయ్య పోయేనాటికి మా నాన్న హైస్కూల్లో ఉన్నాడు. దినవారాలు అయిన మర్నాడే నానమ్మ మేకుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకుని యార్డుకెళ్ళింది. అందరూ నవ్వారు. ఆడమనిషి చెయ్యి పట్టుకుని బేరమాడటానికి ఒక్కడూ ముందుకు రాలేదు. నానమ్మ తువ్వాలు చాపుకుని ఎండలో నిలబడింది. చివరికి చాట్రాయి నుంచి వెదురుగంపలు తెచ్చి అమ్మే చిన్నరాయప్ప ముందుకొచ్చి, "నవ్వింది చాల్లెండి" అని చుట్టూ ఉన్నవాళ్ళని కసిరి, ఆ తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. ఆ రోజు నుంచి యార్డులో నానమ్మకి చోటు దొరికింది.

ఆ చిన్నరాయప్పతోనే నానమ్మకి అన్నిటికంటే పెద్ద తగువు.

నేను పలకా బలపం పట్టిన రోజుల్లో జరిగింది అది. అప్పటిదాకా రసాలన్నీ వెదురుగంపల్లో, వరిగడ్డి పరిచి పంపేవాళ్ళు. ఆ ఏడు నానమ్మ, రాయప్ప తువ్వాలు కింద బేరం కుదుర్చుకున్నారు. తీరా గంపలు అల్లడం అయ్యేసరికి నూజివీడుకి అట్టపెట్టెలు దిగాయి. తేలిక, చవక, పైన రంగుల్లో మామిడిపండు బొమ్మ. నానమ్మ మనసు బొమ్మ మీదకి పోయింది. రాయప్ప ట్రాక్టరు నిండా గంపలు తెచ్చి షెడ్డు ముందు దింపితే, "నేను పట్టుకుంది రెండు వేళ్ళే. రెండు వందలు ఉంచి, మిగతావి తీసుకుపో" అంది. అతను "ఐదు వేళ్ళమ్మగారూ, ఐదు వందలు" అన్నాడు. ఈమె రెండంది. ఎవరు చెబుతారు? తువ్వాలికి నోరు లేదు.

రాయప్ప మిగిలిన గంపల్ని మళ్ళీ ట్రాక్టరు ఎక్కించుకుని, వెళ్తూ వెళ్తూ యార్డు దగ్గర ఆగి, అందరికీ వినపడేలా అన్నాడట: "సుబ్బాయమ్మగారి తువ్వాలు కింద చెయ్యి పెట్టినవాళ్ళు, తీశాక వేళ్ళన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి."

ఆ మాట ఊరంతా తిరిగింది. కొంతమంది బేరమయ్యాక నిజంగానే నానమ్మ ఎదుటే వేళ్ళు లెక్కపెట్టుకునేవారు. నాకైతే ఆ మాట ఎంత నచ్చిందో! నానమ్మ నాకు అన్నం పెట్టి నా చెయ్యి కడిగినప్పుడల్లా నేనూ వేళ్ళు లెక్కపెట్టుకునేదాన్ని. వీపు మీద ఒకటి పడేది.

పెద్దయ్యాక నేను ఇంటర్లో లెక్కలు తప్పాను. మళ్ళీ రాశాను, మళ్ళీ తప్పాను. "పేరు చూస్తే యశస్విని, మార్కులు చూస్తే ముష్టి" అని నానమ్మ నన్ను తీసుకొచ్చి షెడ్డులో పడేసింది. ఫోన్లో ఆర్డర్లు చూడటం, వ్యాన్లకి కబురు చెయ్యడం, ప్యాకింగ్ దగ్గర నిలబడటం నా పని.

ప్యాకింగ్ అంటే చూడాల్సిందే. కాయ కాయకీ తెల్లటి ఫోమ్ తొడుగు, అట్టపెట్టెలో అడుగున థర్మాకోల్, మధ్యలో కాగితపు ముక్కలు, పైన ప్లాస్టిక్ టేపు. ఆ ఫోమ్ తొడుగుల్ని నానమ్మ మేజోళ్ళు అంటుంది. షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని మామిడికాయలకి మేజోళ్ళు తొడుగుతుంటారు. పెళ్ళికొడుకు కాళ్ళకైనా అంత జాగ్రత్తగా తొడగరు. చిరిగినవీ మిగిలినవీ షెడ్డు వెనక పోగవుతాయి. గాలి లేస్తే పక్క తోటలోకి పోయి కొమ్మలకి వేలాడతాయి. ఆ తోటాయన కేకలేస్తాడు. నానమ్మ అంతకంటే పెద్ద కేకలేసి, సాయంత్రం పూట ఆ పోగుకి నిప్పు పెడుతుంది. నల్లటి పొగ. అప్పుడు బంకువాళ్ళు కేకలేస్తారు.

సరిగ్గా అలాంటి సాయంత్రమే శ్రీరమ్య వచ్చింది. హైదరాబాదులో పళ్ళ దుకాణాలు నడిపే ఒక కంపెనీ మా రసాల్లో సగానికి పైగా కొంటుంది. ఎవరి దగ్గర కొనాలో, ఎలా కొనాలో చూసేది ఈ అమ్మాయే. వచ్చీ రాగానే కాయలు చూడకుండా నేరుగా షెడ్డు వెనక్కి వెళ్ళింది. పొగలో దగ్గుతూ తిరిగొచ్చి నానమ్మ ముందు నిలబడింది.

"బామ్మగారూ, ఇది ఇక్కడ సగమేనండీ. మిగతా సగం మా దుకాణాల వెనక పడుంది."

"ఎవరికే బామ్మ? కాయలు కొనడానికొచ్చావా, చెత్త చూడటానికొచ్చావా?"

"రెంటికీ వచ్చాను. మేము కాయలకని డబ్బులిచ్చి చెత్త కూడా కొంటున్నామండీ. దాన్ని ఎత్తించడానికి మళ్ళీ ఖర్చు. ఈ సీజన్ నుంచి ఫోమ్, థర్మాకోల్, టేపు ఏవీ వద్దు. వెనక్కి తిరిగొచ్చేదాంట్లో పంపండి, లేదా మట్టిలో కలిసిపోయేదాంట్లో."

"చేత్తో మోసుకురానా?"

"మీ ప్యాకింగ్ సామాన్లు ఇచ్చేవాళ్ళతో మాట్లాడండి. నేనూ మాట్లాడతాను. వాళ్ళు మారితేనే మీరు మారగలరు."

"నాకు నేర్పకు. నువ్వు పుట్టకముందు నుంచి పంపుతున్నాను."

"అప్పుడు దేంట్లో పంపేవారు?" అని అడిగింది శ్రీరమ్య, మామూలుగానే.

నానమ్మ పక్కనున్న ఫోమ్ మేజోడొకటి తీసి దులపడం మొదలుపెట్టింది. గంపల్లో అని చెప్పడానికి ఆమెకి నోరు రాదని నాకు తెలుసు. నాకు నవ్వొచ్చింది. నవ్వాను. నానమ్మ చేతిలో ఉన్న ఫోమ్ మేజోడు వచ్చి నా ముక్కుకి తగిలింది. మెత్తగానే ఉంటుంది లెండి.

శ్రీరమ్య కారెక్కే ముందు అసలు మాట చెప్పింది. మొదటి లోడు వచ్చే శనివారం. అది కొత్త పద్ధతిలో రాకపోతే ఆర్డరు విస్సన్నపేటలో శ్రీధర్ అనే వ్యాపారికి వెళ్తుంది. అది వెళ్తే మా షెడ్డు మూసుకోవడమే. మిగతా చిల్లర బేరాలతో ప్యాకింగ్ ఆడవాళ్ళకి కూలీ కూడా గిట్టదు. శ్రీధర్ అప్పుడే ఈ సంగతి విన్నట్టున్నాడు. మర్నాడు ఊరికే పలకరించడానికి వచ్చినట్టు వచ్చి, మాటల మధ్యలో జేబులోంచి టేపు తీసి షెడ్డు వెడల్పు కొలిచాడు.

"పాడె కట్టించడానికా?" అంది నానమ్మ.

"లేదండీ, అద్దెకిస్తారేమోనని" అన్నాడు శ్రీధర్ పళ్ళికిలించి.

నానమ్మ ఆ టేపు లాగి రోడ్డు మీదకి విసిరింది. తర్వాత అట్టపెట్టెల సంతోష్ కుమార్‌కి కబురు చేసింది.

సంతోష్ కుమార్ మా చుట్టుపక్కల షెడ్లన్నిటికీ ప్యాకింగ్ సామాన్లు వేస్తాడు. పెట్టె, మేజోళ్ళు, థర్మాకోల్, టేపు, అన్నీ కలిపి ఒకటే కట్ట. విడిగా ఇవ్వడు. చెయ్యి నిండా ఉంగరాలు, నోటి నిండా కిళ్ళీ.

"పెట్టెలు మాత్రం ఇవ్వు. మేజోళ్ళు, థర్మాకోల్ వద్దు. వాడిన పెట్టెలు వెనక్కి తెప్పిస్తాను, నువ్వు తీసుకో" అంది నానమ్మ.

"విడిగా కుదరదండీ. అయినా వాడేసింది వెనక్కి ఎవరు తీసుకుంటారండీ? హోటల్లో ఇడ్లీ తిన్నాక హోటలువాడు తీసుకుంటాడా?"

"ఇడ్లీ తీసుకోడు, ప్లేటు తీసుకుంటాడు. కడిగి మళ్ళీ పెడతాడు" అన్నాను నేను.

సంతోష్ కుమార్ నా వైపు చూసి, "ఇంటర్ పాసయ్యావామ్మా?" అన్నాడు.

నానమ్మ లేచింది. నన్ను తిట్టే హక్కు తనొక్కదానికే ఉందని ఆమె నమ్మకం. "మా పిల్ల పాసైతే నీకేం, తప్పితే నీకేం? అది చెప్పిందాంట్లో తప్పేముంది? ప్లేటు తీసుకోరా అంటుంటే ఇడ్లీ గోల నీకెందుకు?"

"అయితే వేరే చోట కొనుక్కోండి. నా సరుకు నాకిచ్చెయ్యండి."

"ఇస్తాను" అని నానమ్మ అతని కట్టల్ని ఒక్కొక్కటే దొర్లించుకుంటూ రోడ్డు మీదకి తోసింది. ఒకటి పగిలి మేజోళ్ళన్నీ గాల్లోకి లేచాయి. వాటిని ఏరుకోవడానికి సంతోష్ కుమార్ పరిగెత్తుతుంటే ఉంగరాలు ఎండలో మెరిశాయి. చూడ్డానికి బాగానే ఉంది గానీ, ఆ సాయంత్రం షెడ్డులో కోసుకొచ్చిన కాయలు కుప్పగా ఉన్నాయి, పెట్టుకోవడానికి ఒక్క పెట్టె లేదు.

"ప్లాస్టిక్ క్రేట్లు తెద్దామా?" అన్నాను.

"రసం కాయే అది. పండాక పాలబుగ్గలా ఉంటుంది. క్రేటులో పోస్తే హైదరాబాదు చేరేసరికి జూసే" అంది నానమ్మ. తర్వాత నా వైపు తిరక్కుండానే, "స్కూటీలో పెట్రోలుందా?" అంది.

"ఎక్కడికి?"

"చాట్రాయి."

దారంతా నానమ్మ నా వెనక కూర్చుని లారీవాళ్ళతో, మేకలవాళ్ళతో, గతుకులతో పోట్లాడుతూనే ఉంది. చాట్రాయి దగ్గరపడ్డాక భుజం మీది తువ్వాలు మాటిమాటికీ సర్దుకోవడం మొదలుపెట్టింది.

చిన్నరాయప్ప ఇంటి ముందు పాకలో కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా, ఎండిన బద్దలాగే ఉన్నాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళ అలంకరణ వాళ్ళకి చిట్టి చిట్టి బుట్టలు అల్లుతున్నట్టుంది. గులాబీ రంగు పూసినవి దండెం మీద వేలాడుతున్నాయి. నానమ్మని చూసి కత్తి ఆపలేదు. అతని కోడలు రోజీ గుమ్మంలోకి వచ్చింది.

"మామయ్యా, ఆవిడకి మంచినీళ్ళు ఇవ్వమంటారా?"

"ఇవ్వమ్మా. గ్లాసు మళ్ళీ లోపల పెట్టేముందు లెక్కపెట్టుకో."

నానమ్మ నీళ్ళు తాగి, గ్లాసు రోజీ చేతిలోనే గట్టిగా పెట్టింది. "ఇదిగోనమ్మా, ఒకటే. మీ మామయ్యకి కళ్ళు కూడా పోయినట్టున్నాయి."

"కళ్ళు బాగానే ఉన్నాయండీ అమ్మగారూ. వేళ్ళు కూడా ఐదూ ఉన్నాయి" అన్నాడు రాయప్ప.

నానమ్మ కూర్చోమనకుండానే వెదురుకట్ట మీద కూర్చుని సంగతి చెప్పింది. చెప్పిన తీరు చూస్తే అతనే గంపలు కొనమని బతిమాలుతూ మా ఇంటికి వచ్చినట్టుంది. శ్రీరమ్య పేరు చెప్పింది, శనివారం చెప్పింది. చివరికి భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి మధ్యా చాపింది.

రాయప్ప దానివైపు చూశాడు. చెయ్యి కదపలేదు.

"ఆ రోజు యార్డులో అందరూ నవ్వుతుంటే ఈ తువ్వాలు కింద మొదట చెయ్యి పెట్టింది ఎవరండీ?"

"నువ్వే."

"మూడు వందల గంపలు నా ఇంటి ముందు వానకి నాని, బూజు పట్టి, పొయ్యిలోకి పోయాయి. అవి ఎవరివండీ?"

"నీవే. నేను కొనలేదుగా!"

"వింటివా పిల్లా మీ నానమ్మ మాట?" అన్నాడు నాతో. నేను బుద్ధిగా తలూపాను. నానమ్మ నా జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

రాయప్ప కత్తి పక్కన పెట్టాడు. "మీ హైదరాబాదు అమ్మాయికి తిరిగొచ్చే గంప కావాలన్నమాట. తిరిగొచ్చిన గంపలోనే మళ్ళీ పంపితే, మీరు నా దగ్గర కొత్తవి కొనేదెప్పుడు? తిరిగొచ్చే ప్రతి గంపా నా పొట్ట మీద కొట్టేదే."

నానమ్మ ఆ సంగతి ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే శ్రీరమ్యా ఆలోచించలేదేమో.

"అందుకని గంప అమ్మను. గంప నాదే. మీ కాయలు ఎక్కి వెళ్ళొచ్చినందుకు వెళ్ళొచ్చినప్పుడల్లా నాకు అద్దె కట్టండి. విరిగితే నేనే బాగుచేస్తాను, నా సొమ్ము కాబట్టి. పోతే మీరు కట్టాలి. అడుగున వేసిన గడ్డి కూడా వెనక్కి రావాలి, నా గేదెకి. కాయలకి మందేసి మగ్గబెట్టిన గడ్డయితే వద్దు."

"నా షెడ్డులో మందా! నీ నోరు పడ..." నానమ్మ సగంలో ఆగి, అసలు మాట పట్టుకుంది. "నా కాయలు నీ గంపలో కూర్చుని అద్దె కట్టాలా? అదేమన్నా లాడ్జింగా?"

"ఇంకోటుంది. బేరం ఇక్కడ కాదు, యార్డులో. తువ్వాలు లేకుండా. నోటితో, అందరికీ వినపడేట్టు. మొదలుపెట్టే ముందు ఆ పాత బేరం ఎన్ని వేళ్ళో కూడా చెప్పాలి."

నానమ్మ తువ్వాలు తీసుకుని భుజాన వేసుకుంది. "నీ గంపల్లో కోళ్ళు కూడా గుడ్లు పెట్టవు" అని లేచింది.

"వెళ్ళిరండి. రోజీ, గ్లాసుందా?"

తిరుగుదారిలో నానమ్మ ఎవరినీ తిట్టలేదు. ఒక లారీ మా మీదకి దుమ్ము లేపుకుంటూ పోయినా ఊరుకుంది. నాకు భయమేసింది. ఆమె తువ్వాలు అంచు నా చెయ్యికి తగులుతూ ఉంది. తను ఎంత ఇచ్చిందో, ఎంత పుచ్చుకుందో ఎవరికీ కనపడదు, వినపడదు. ఇన్నేళ్ళు ఆమె బతికింది దాని కిందే. అది తీసేసి నిలబడమంటే ఆమెకి ఎలా ఉంటుందో నాకు అప్పుడు కొంచెం తెలిసింది. అయినా అడక్కుండా ఉండలేకపోయాను.

"నానమ్మా, నిజంగా ఎన్ని వేళ్ళు?"

"బండి సరిగ్గా నడుపు."

మర్నాడు పొద్దున్న లేచేసరికి నానమ్మ స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, స్కూటీ పక్కన నిలబడి ఉంది. తువ్వాలు భుజం మీదే ఉంది. "ఆ రాయప్పకి ఫోన్ కొట్టు. యార్డుకి రమ్మను. ఆ హైదరాబాదు పిల్లకి కూడా ఫోన్లో బొమ్మ కనపడేట్టు పెట్టు. ఈ చెత్త గోల మొదలుపెట్టింది అదేగా, వినాలి."

యార్డులో జనం బాగానే ఉన్నారు. కాయల ఆటోలు, ట్రాక్టర్లు, హమాలీలు, వ్యాపారులు. శ్రీధర్ కూడా ఉన్నాడు, ఈసారి టేపు లేకుండా. చిన్నరాయప్ప చాట్రాయి బస్సు దిగి నడిచొచ్చాడు. నేను వీడియో కాల్‌లో శ్రీరమ్యని పెట్టి ఫోను ఎత్తి పట్టుకున్నాను. అలవాటు కొద్దీ అందరూ నానమ్మ చుట్టూ గుండ్రంగా చేరారు. తువ్వాలు పడుతుందని చూస్తున్నారు.

నానమ్మ తువ్వాలు తీసింది. మడిచింది. మళ్ళీ మడిచింది. ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూసింది. చివరికి నా నెత్తి మీద పెట్టింది.

"ఐదు" అంది.

"వినపడలేదండీ" అన్నాడు రాయప్ప.

"చెవులు కూడా పోయాయా? ఐదు వేళ్ళు! ఐదు వందల గంపలు! నేను రెండన్నాను. అబద్ధమాడాను. అట్టపెట్టె మీద బొమ్మ చూసి ఆడాను. చాలా?"

పెట్రోలు బంకు దాకా వినపడి ఉంటుంది. ఒక హమాలీ, "మరి ఇన్నేళ్ళూ మా వేళ్ళు..." అని మొదలుపెట్టి, నానమ్మ చూపు చూసి మూట ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నేను నవ్వలేదు. తువ్వాలు పడిపోతుందని కదలకుండా నిలబడ్డాను.

"చాలదు. కానీ బేరం మొదలుపెట్టండి" అన్నాడు రాయప్ప.

ఆ తర్వాత జరిగిన బేరం లాంటిది మా యార్డు ఎప్పుడూ చూసి ఉండదు. ఇద్దరూ చేతులు గాల్లో ఊపుతూ, అందరి ముందూ అరుచుకున్నారు. వెళ్ళొచ్చినప్పుడల్లా అద్దె అని అతను, సీజన్‌కి ఒకసారే అని ఈమె. విరిగితే నీదని ఈమె, తొక్కి విరిచింది మీవాళ్ళయితే మీదని అతను. ఫోన్లోంచి శ్రీరమ్య మధ్యలో దూరింది.

"కాయలు దింపాక మీ వ్యాన్ ఎలాగూ ఖాళీగానే వెనక్కి వస్తుంది కదండీ. గంపలు, గడ్డి దాంట్లోనే వేయిస్తాం. అద్దెలో సగం మేము పెట్టుకుంటాం, చెత్త ఎత్తించే ఖర్చు మాకు మిగులుతుంది కాబట్టి. కానీ ఎన్ని పంపారో ఎన్ని వచ్చాయో ప్రతిసారీ చెప్పాలి."

"చెప్పడమేంటి, అరుస్తాం" అన్నాడు రాయప్ప. "ఇకనుంచి అంతా అరుపులే. అమ్మగారికి అది బాగా వచ్చు కూడా."

"నీకంటే బాగానే వచ్చు. ఎన్ని గంపలు తెస్తావు శనివారానికి?"

రాయప్ప చెయ్యి పైకెత్తి ఐదు వేళ్ళూ చాపాడు. వాటిని అలాగే గుండ్రంగా తిప్పి జనమందరికీ చూపించాడు. "అందరూ చూశారుగా. మా చాట్రాయిలో అల్లేవాళ్ళందర్నీ కూర్చోబెడతాను" అన్నాడు.

శనివారం మొదటి లోడు వెళ్ళింది. గంప అడుగున గడ్డి, వరసకో పొర గడ్డి, పైన గోనె వేసి కుట్టారు. మేజోళ్ళు తొడిగే ఆడవాళ్ళు ఇప్పుడు గోనె కుడుతున్నారు. వాళ్ళలో సగంమంది గడ్డి గుచ్చుకుంటోందని నానమ్మని తిట్టారు. నానమ్మ తిరిగి తిట్టింది. హైదరాబాదులో కాయలు బాగానే దిగాయి. పై వరసలో కొన్ని నలిగాయని శ్రీరమ్య ఫోన్ చేసింది. అది వ్యాన్ డ్రైవరు తప్పని నానమ్మ, గంప నిండా కుక్కడం అమ్మగారి తప్పని రాయప్ప తేల్చారు. రెండో లోడుకి నానమ్మ పై వరస తగ్గించింది. ఎందుకు తగ్గించావని అడిగితే, గాలి ఆడటానికంది.

ఆ వారమే సంతోష్ కుమార్ కూడా వచ్చాడు. యార్డు సంగతి విని ఇంకో రెండు షెడ్లవాళ్ళు అతన్ని అదే అడిగారట. ఇళ్ళకి పార్సిల్ పంపే చిన్న పెట్టెలు మాకు ఎలాగూ కావాలి. మేజోళ్ళు లేకుండా, కాగితం టేపుతో ఇస్తానని, వాడిన పెట్టెలు వెనక్కి తీసుకుంటానని నానమ్మ చెవిలో చెప్పబోయాడు.

"చెవిలో కాదు. అక్కడ నిలబడి గట్టిగా చెప్పు" అంది నానమ్మ.

పాపం, ఆ కిళ్ళీ నోటితో అతను మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. శ్రీధర్‌ మళ్ళీ మా వైపు రాలేదు. షెడ్డు వెనక ఇప్పుడు పొగ లేదు. పక్కతోటాయనకి కేకలెయ్యడానికి కారణం లేక, మా నీళ్ళ పంపు చప్పుడు మీద మొదలుపెట్టాడు.

మొదటి లోడు గంపలు తిరిగొచ్చిన రోజు రాయప్ప మళ్ళీ చాట్రాయి నుంచి వచ్చాడు. గేదె కోసం గడ్డి మూట కట్టుకున్నాడు. గంపలన్నీ ఒకదాంట్లో ఒకటి పేర్చి, ప్రతిదాన్నీ తట్టి చూసి, రెండుసార్లు లెక్కపెట్టాడు. లేచి షెడ్డు నడిమధ్యకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఒకటి తక్కువండీ."

"హైదరాబాదులో ఉండిపోయి ఉంటుంది" అంది నానమ్మ కుర్చీలోంచి కదలకుండా.

నేను శ్రీరమ్యకి ఫోన్ చేశాను. అన్నీ ఎక్కించామంది. రాయప్ప నానమ్మ వైపు చూశాడు. నానమ్మ మెల్లగా భుజం మీది తువ్వాలు తీసి ముందుకి చాపింది. "ఇలా రా. చెయ్యి పెట్టు, మాట్లాడుకుందాం."

రాయప్ప రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "నోటితో చెప్పండి."

షెడ్డులో గోనె కుట్టేవాళ్ళందరూ సూదులు ఆపారు. నానమ్మ వాళ్ళని చూసింది, నన్ను చూసింది, తువ్వాలిని చూసుకుంది.

"ఒకటి! నా దగ్గరే ఉంది! నా మంచం కింద! బాగా అల్లావు, ఉంచుకున్నాను! ఇవ్వను, ఏం చేస్తావు?"

"ఏం చెయ్యనండీ. ఉంచుకోండి" అన్నాడు రాయప్ప గడ్డిమూట నెత్తికెత్తుకుంటూ. "రోజూ అద్దె పడుతుంది."

అతను రోడ్డెక్కి బస్సుకోసం నిలబడేదాకా నానమ్మ వెనకనుంచి తిడుతూనే ఉంది. అతనూ మూట కిందనుంచి బదులిస్తూనే ఉన్నాడు. బంకువాళ్ళు కుర్చీలు వేసుకుని విన్నారు.

ఆ గంప ఇంకా మంచం కిందే ఉంది. పడుకునే ముందు నానమ్మ తువ్వాలు మడిచి దాంట్లో పెడుతుంది. అద్దె పెరుగుతోందని గుర్తు చేస్తే, ఇంటర్ తప్పినదానివి నీకెందుకే లెక్కలు అంటుంది.